కౌబాయ్ అడ్డం, దెయ్యం నిలువు: ఫోన్ తెర మీద వింత వెస్టర్న్ గీయడంలోని చిక్కులు

2024 జూన్‌లో వెబ్‌టూన్ కంపెనీ అమెరికాలోని నాస్‌డాక్‌లో లిస్ట్ అయ్యాక, ఫోన్‌లో బొటనవేలితో జరుపుకుంటూ చదివే బొమ్మల కథలు వ్యాపార పేజీల్లో కూడా వార్త అయ్యాయి. బొమ్మలు వేయడం వచ్చినవాళ్ళు ఏ కథ మొదలుపెడదామా అని వెతికేటప్పుడు నోరూరించే రకాల్లో సూపర్‌నేచురల్ వెస్టర్న్ ఒకటి. ఎడారి, టోపీ, తుపాకి, మధ్యలో ఒక దెయ్యం. పైకి చూస్తే ఇంతే. గీయడం మొదలుపెట్టాక ప్రశ్నలు వరస కడతాయి. తుపాకి దెయ్యం మీద పనిచేస్తుందా? ఆ దెయ్యం ఏ జనం నమ్మకంలోంచి వచ్చింది? విశాలమైన మైదానం సన్నటి ఫోన్ తెరలో ఎలా పడుతుంది? వారానికి ఎన్ని గుర్రాలు గీయగలం?

వీటిని విడివిడిగా తేల్చుకోవచ్చనుకుంటే కుదరదు. దెయ్యానికి పెట్టిన నియమం కథ ఎక్కడ జరగాలో చెబుతుంది. ఆ చోటుకు ఏ ఆకారపు తెర సరిపోతుందో చూసుకోవాలి. తెర ఆకారాన్ని బట్టే వారం వారం పడే చాకిరీ ఎంతో తేలుతుంది.

చట్టం ఇంకా చేరని ఊరు

వెస్టర్న్ అంటే స్థూలంగా అమెరికా అంతర్యుద్ధం ముగిసిన 1865 నుంచి 1890 దాకా, మిసిసిపి నదికి పడమటి వైపు నడిచే కథ. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం అయిదేళ్ళు అక్కడే కాపురముండి సాగు చేసినవాళ్ళకు 160 ఎకరాలు రాసిచ్చింది. 1869 మే 10న యూటాలోని ప్రొమాంటరీ దగ్గర తూర్పు నుంచి వచ్చిన రైలు పట్టాలు పడమటి నుంచి వచ్చినవాటితో కలిశాయి. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్ళతీగకు పేటెంటు తీసుకున్నాక, పశువులు ఇష్టం వచ్చినట్టు తిరిగిన మైదానాలకు కంచెలు పడ్డాయి. 1890 జనాభా లెక్కలయ్యాక, వలసల సరిహద్దు అని గీత గీసి చూపించడానికి ఇక ఏమీ మిగల్లేదని ప్రభుత్వమే ప్రకటించింది. ఆ భూమి ఎన్నడూ ఖాళీగా లేదు. అక్కడి మూలవాసులను తరిమితేనే ఖాళీ అయింది. వెస్టర్న్ చాలాకాలం ఈ సంగతి దాటవేసింది, లేదా తలకిందులు చేసి చెప్పింది.

ఈ పాతికేళ్ళకు కథలు ఇంతగా ఎందుకు అతుక్కుపోయాయంటే, అప్పుడు ఊళ్ళు చట్టం కంటే ముందు పుట్టాయి. కోర్టు ఎక్కడో దూరాన ఉంటుంది, షెరీఫ్ ఒక్కడే ఉంటాడు, తగాదాలు మాత్రం రోజూ ఉంటాయి. ఆ ఖాళీలోకి తుపాకి వచ్చి కూర్చుంది. వెస్టర్న్ గీసేవాడు ముందు సిద్ధం చేసుకోవాల్సింది చట్టం లేని ఈ ఖాళీనే, టోపీ ఆ తర్వాతి మాట. ఇంకో మాట: సినిమాల్లో కనబడినట్టు అందరూ తెల్లవాళ్ళు కారు. పశువులను తోలే విద్య మెక్సికో వకేరోలది. కౌబాయ్‌లలో నల్లజాతివాళ్ళు గణనీయంగా ఉండేవారు. సెంట్రల్ పసిఫిక్ రైలుమార్గం కోసం సియెరా నెవాడా కొండలు తొలిచినవాళ్ళలో అత్యధికులు చైనా కూలీలు. వీళ్ళలో ప్రతి గుంపూ తన దెయ్యాలను మూటగట్టుకుని తెచ్చుకుంది.

తెలుగువాళ్ళకు ఈ ప్రపంచం కొత్తదేమీ కాదు. 1971లో కృష్ణ హీరోగా కె.ఎస్.ఆర్. దాస్ తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు'తోనే మన తెర మీద కౌబాయ్ గుర్రమెక్కాడు. అయితే మనకు అందింది ఎక్కువగా ఇటలీ దర్శకులు తీసిన వెస్టర్న్‌ల చాయ. అసలు ప్రాంతాన్ని గీయాలనుకునేవాళ్ళు ఆ చాయను దాటి వెనక్కి వెళ్ళాలి.

దెయ్యం ఎప్పుడు చేరింది

చాలా ముందే. 1932లో 'వియర్డ్ టేల్స్' పత్రికలో వచ్చిన రాబర్ట్ ఇ. హోవర్డ్ కథలో టెక్సస్ కౌబాయ్‌కి ఎదురయ్యేది పాత సమాధి దిబ్బలోంచి లేచిన రక్తపిశాచి. బొమ్మల కథల్లోకి వస్తే, 1949లో డిక్ ఏయర్స్ గీసిన తొలి 'ఘోస్ట్ రైడర్' ఒక వెస్టర్న్ హీరో. ఇందులో తమాషా ఏమిటంటే అతను దెయ్యమే కాదు. చీకట్లో మెరిసే తెల్లబట్టలు వేసుకుని దొంగలను దడిపించే మామూలు మనిషి.

1954లో అమెరికా కామిక్స్ పరిశ్రమ తనకు తానే ఒక నియమావళి పెట్టుకుంది. నడిచే శవాలు, రక్తపిశాచాలు, తోడేలు మనుషులు అన్నీ నిషేధం. 1971లో దాన్ని సడలించి పాత సాహిత్యపు ధోరణిలో ఉంటే రక్తపిశాచాలనూ తోడేలు మనుషులనూ రానిచ్చారు. మరుసటి ఏడాదే డీసీ అనే కామిక్స్ సంస్థ తన వెస్టర్న్ పత్రిక పేరును 'వియర్డ్ వెస్టర్న్ టేల్స్'గా మార్చింది. జాన్ ఆల్బనో, ఫిలిప్పీన్స్ చిత్రకారుడు టోనీ డెజూనిగా కలిసి సృష్టించిన జోనా హెక్స్ ఆ పత్రికకు ముఖమయ్యాడు. పేరులో వింత ఉన్నా ఆ రోజుల హెక్స్ కథలు చాలావాటిలో దెయ్యం ఉండదు. సగం కాలిన అతని ముఖం, ఎవరినీ నమ్మని అతని తీరు, అంతే. అంటే ఈ రకానికి దెయ్యం కంటే వింత వాతావరణం ముఖ్యమని వాదించేవాళ్ళకు అక్కడే ఒక ఆధారం దొరుకుతుంది.

వెబ్‌కు వస్తే డేవిడ్ గాలహర్, స్టీవ్ ఎల్లిస్ చేసిన 'హై మూన్' తప్పకుండా చూడాల్సిన ఉదాహరణ. టెక్సస్‌లో తోడేలు మనుషుల కథ. 2007లో డీసీ మొదలుపెట్టిన జూడా అనే వెబ్‌కామిక్స్ సైటులో తొలి పోటీ గెలిచింది, 2009లో ఆన్‌లైన్ కామిక్స్ విభాగంలో హార్వీ అవార్డు అందుకుంది. దాని తెర సంగతి, దాని సైటు సంగతి ముందు ముందు మళ్ళీ అవసరమవుతాయి.

దెయ్యానికో నియమం

వెస్టర్న్‌లో ప్రతి చిక్కూ చివరికి తుపాకి దగ్గరికి చేరుతుంది. దెయ్యం కథలో తుపాకి పనికిరాదు. రెండింటినీ కలిపితే వచ్చే మొదటి ప్రశ్న అందుకే చాలా మొరటుగా ఉంటుంది: కాలిస్తే ఏమవుతుంది?

"ఏమీ కాదు" అంటే హీరో చేతిలో ఆయుధం అలంకారమైపోతుంది. "చస్తుంది" అంటే దెయ్యం ఇంకో దొంగ అయిపోతుంది. ఈ రెండింటి మధ్యే రచయిత పని. వెండి గుండు, మంత్రించిన గుండు లాంటివి అందరూ వాడేసినవి. అంతకంటే గట్టిది, దెయ్యానికి ఒక షరతు, ఆ షరతుకు ఒక మూల్యం పెట్టడం. బేతాళుడిని చూడండి. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగిలిపోతుంది, చెబితే మౌనభంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఎటు తిరిగినా రాజుకు నష్టమే. కత్తి దూయడానికి అక్కడ సందే లేదు. చందమామ దశాబ్దాలపాటు అన్ని బేతాళ కథలు నడపగలిగిందంటే ఆ రెండు వాక్యాల నియమం బలం అది.

నియమం ఎంత విప్పి చెప్పాలన్న దగ్గర రెండు పక్షాలున్నాయి. పాఠకుడికి నియమం ముందే తెలిస్తేనే ఉత్కంఠ అని ఒక పక్షం. హీరో దగ్గర ఎన్ని గుండ్లున్నాయో తెలియకపోతే కాల్పుల్లో టెన్షన్ ఎక్కడిది? 1873 నాటి కోల్ట్ రివాల్వర్‌లో ఆరు గదులుండేవి. సుత్తి కింద గుండు ఉంటే పొరపాటున పేలుతుందని చాలామంది అయిదే నింపుకునేవారు. ఇంత చిన్న నిజం కూడా కథకు ఒక గడియారంలా పనికొస్తుంది. రెండో పక్షం: దెయ్యాన్ని వివరించిన మరుక్షణం భయం పోతుంది, మిగిలేది లెక్కల పుస్తకం. వారం వారం వచ్చే కథకు మాత్రం మొదటిదే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. మూడు నెలల కింద చదివిన సూచన పాఠకుడికి గుర్తుండదు, రెండు వాక్యాల నియమం గుర్తుంటుంది. నియమం చెప్పి, దాని కారణం దాచిపెట్టడం మధ్యేమార్గం.

ఎవరి దెయ్యం?

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. కొత్తగా గీసేవాళ్ళ చూపు ముందు మూలవాసుల గాథల మీద పడుతుంది. నరమాంసం తినే భూతం వెండిగో, జంతు రూపం దాల్చే మంత్రగాడు స్కిన్‌వాకర్, చనిపోయినవాళ్ళను తిరిగి రప్పించే నృత్యం ఘోస్ట్ డ్యాన్స్. వెండిగో ఉత్తరాదిన, చలి అడవుల్లోని అల్గోంక్వియన్ భాషల జనాలది. దాన్ని తెచ్చి ఆరిజోనా ఎడారిలో నిలబెడితే అది కేవలం అజ్ఞానం. స్కిన్‌వాకర్ నవాహో జనం బయటివాళ్ళతో మాట్లాడటానికే ఇష్టపడని విషయం. 2016లో హ్యారీ పోటర్ రచయిత్రి జె.కె. రౌలింగ్ ఉత్తర అమెరికా మంత్రవిద్య చరిత్ర అంటూ రాసిన వ్యాసాల్లో స్కిన్‌వాకర్ నమ్మకాన్ని తన కల్పనలోకి లాక్కున్నప్పుడు, చెరోకీ జాతికి చెందిన విద్యావేత్త ఏడ్రియెన్ కీన్‌తో సహా చాలామంది మూలవాసులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. బతికున్న జనపు బతికున్న నమ్మకాన్ని డ్రాగన్ల వరసలో కూర్చోబెట్టకండి అన్నది వారి మాట సారాంశం.

ఘోస్ట్ డ్యాన్స్ సంగతి ఇంకా బరువైనది. నెవాడాలోని పయూట్ జాతీయుడు వొవోకాకు 1889 జనవరి 1 సూర్యగ్రహణం వేళ ఒక దర్శనమైంది. నృత్యం చేస్తే చనిపోయిన పెద్దలు తిరిగొస్తారని, పాత లోకం మళ్ళీ వస్తుందని ఆయన బోధించాడు. అది మైదానాల్లోని లకోటా జాతి దాకా పాకింది. సైన్యం దాన్ని తిరుగుబాటుగా చూసింది. 1890 డిసెంబరు 29న దక్షిణ డకోటాలోని వూండెడ్ నీ దగ్గర జరిగిన ఊచకోతలో చనిపోయినవాళ్ళ లెక్క 150 నుంచి 300 వరకూ చెబుతారు. వారిలో ఆడవాళ్ళు, పిల్లలు చాలామంది. ఒక జనం ప్రార్థనను దెయ్యాల గుమ్మం తెరిచే మంత్రంగా మార్చిన కల్పనలు వచ్చాయి, వాటికి అభిమానులూ ఉన్నారు. ఆ ప్రార్థన చేసినవాళ్ళ మునిమనవలు కూడా ఇవాళ పాఠకులే.

అలాగని అసలు ముట్టుకోవద్దంటే రెండో ప్రమాదం ఉంది. భయపడి మూలవాసులను కథలోంచే తీసేస్తే, ఆ నేల ఖాళీగా ఉండేదన్న పాత అబద్ధమే మళ్ళీ చెప్పినట్టవుతుంది. కాబట్టి వారి మనుషులను పాత్రలుగా ఉంచు, వారి పవిత్ర విషయాలను జోలికిపోకుండా వదిలెయ్యి అనేవాళ్ళు కొందరు. ఆ జాతి రచయితలతో కలిసి పనిచేస్తే అదీ రాయొచ్చు అనేవాళ్ళు ఇంకొందరు. హైదరాబాదులోనో డాలస్‌లోనో కూర్చుని ఒంటరిగా గీసేవాడికి రెండో దారి అంత తేలిక కాదు.

అదృష్టవశాత్తూ వలసవచ్చినవాళ్ళ మూటల్లో దెయ్యాలకు కొదవ లేదు. 1848లో న్యూయార్క్ రాష్ట్రంలో ఫాక్స్ అక్కచెల్లెళ్ళు గోడ మీద తట్టిన చప్పుళ్ళతో ఆత్మలు మాట్లాడుతున్నాయన్నారు. అంతర్యుద్ధంలో బిడ్డలను పోగొట్టుకున్న ఇళ్ళల్లో ఆత్మలను పిలిచే బల్లలు మామూలైపోయాయి. 1892లో రోడ్ ఐలాండ్‌లో క్షయతో చనిపోయిన మెర్సీ బ్రౌన్ అనే పడుచుపిల్ల శవాన్ని తవ్వితీసి, అన్న జబ్బు నయమవుతుందని ఆమె గుండెను కాల్చారు. అప్పటికి వెస్టర్న్ కాలం దాటి రెండేళ్ళే. చైనా వలసకూలీలు పరాయి నేలలో పాతిన తమవాళ్ళ ఎముకలను కొన్నేళ్ళకు తీసి స్వదేశానికి పంపించేవారు. ఓడ ఎక్కని ఎముకల కథ ఎవరైనా రాస్తే నేను ముందు వరసలో కూర్చుని చదువుతాను. ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని కార్మికులు టామీనాకర్లను తెచ్చుకున్నారు. గని గోడల్లో తట్టే చిన్న చిన్న భూతాలవి. గని కూలబోతోందని హెచ్చరిస్తాయని కొందరు, కూల్చేది అవేనని కొందరు. తినే రొట్టెలో చివరి ముక్క వాటికోసం వదిలేవారు.

ఒక కథ కట్టి చూద్దాం

నెవాడాలోని వర్జీనియా సిటీని తీసుకుందాం. 1859లో అక్కడ కామ్‌స్టాక్ వెండి నిక్షేపం బయటపడింది. గనులు వేల అడుగుల లోతుకు వెళ్ళాయి. లోపల వేడి ఎంతంటే కార్మికులకు మంచుగడ్డలు దింపేవారు. రోజు కూలి నాలుగు డాలర్లు, అప్పట్లో మంచి డబ్బే. 1869 ఏప్రిల్ 7న పక్కనే ఉన్న గోల్డ్ హిల్‌లో ఎల్లో జాకెట్ గని అంటుకుని కనీసం 35 మంది చనిపోయారు. లోపల కొయ్యదూలాలే మంటకు మేత. ఇదంతా చరిత్ర. ఇక కల్పన.

అగ్నిప్రమాదం జరిగిన కొన్నేళ్ళకు, పేరు లేని ఒక గనిలో గోడ తట్టడం మొదలవుతుంది. నియమం రెండు వాక్యాలు: ఎన్నిసార్లు తడితే ఆ షిఫ్టులో అంతమంది పైకి రారు. ఎవరన్నది మాత్రం తట్టినవాడు చెప్పడు.

ఒకరోజు మూడు తట్లు వినబడతాయి. కింద నలభై మంది ఉన్నారు. పైనున్న కంపెనీ పని ఆపదు, వాటాదార్లకు లాభం పంచాలి. షెరీఫ్ గోడను అరెస్టు చేయలేడు, కంపెనీనీ చేయలేడు. ఇంతవరకు ఇది దెయ్యం కథే. ముగ్గురిని మనమే కాల్చేస్తే లెక్క సరిపోతుంది కదా అన్న ఆలోచన కింద ఒకడికి వచ్చిన క్షణం నుంచి ఇది వెస్టర్న్. తుపాకికి పని దొరికింది, ఆ పని దెయ్యాన్ని చంపడం కాదు. చట్టం లేని చోట లెక్క ఎవరు తేలుస్తారన్న పాత ప్రశ్నే అది. నియమం మారిస్తే కథ ఎంత మారుతుందో చూడండి: తట్టినవాడు పేర్లు కూడా చెబుతాడనుకుంటే కింద తుపాకులు లేవవు, ముగ్గురి వీడ్కోలు కథ అవుతుంది. ఏడుపు వస్తుందేమో గానీ భయం రాదు.

ఇలాంటి కథకు బొమ్మల ఆధారాలు కూడా ఉన్నాయి. 1867లో టిమొతి ఒసలివన్ అనే ఫొటోగ్రాఫర్ మెగ్నీషియం వెలుగు పెట్టి కామ్‌స్టాక్ గనుల లోపలి ఫొటోలు తీశాడు. దూలాల మధ్య నడుం వంచుకున్న మనిషి, వెనక నల్లటి చీకటి. కాపీరైటు గడువు ఎప్పుడో తీరిపోయినవి కాబట్టి ధైర్యంగా చూసి గీసుకోవచ్చు.

అడ్డం, నిలువు

వెస్టర్న్ అడ్డంగా పుట్టింది. దిగంతం, మైదానం, పొడవాటి రైలు, వీధికి ఆ చివర ఒకడు ఈ చివర ఒకడు. ఫోన్ నిలువుగా ఉంటుంది. ఈ ఘర్షణ ఎంతటిదో అంకెల్లో చూస్తే తెలుస్తుంది.

వెబ్‌టూన్‌లో ఎవరైనా ఎక్కించుకోగల విభాగంలో బొమ్మ వెడల్పు 800 పిక్సెళ్ళుగా వాడుక. ఈనాటి ఫోన్ తెర సుమారు 9:19.5 కొలతలో ఉంటుంది కాబట్టి 800 వెడల్పుకు తెర ఎత్తు 1,730 పిక్సెళ్ళ దాకా వస్తుంది. సినిమా స్కోపు కొలత 2.35:1లో ఒక మైదానం గీస్తే దాని ఎత్తు 340. అంటే ఎంతో శ్రమపడి గీసిన దిగంతం తెరలో అయిదో వంతు. పైనా కిందా తెల్లటి ఖాళీ. గుర్రం మీదున్న మనిషి చీమంత.

పుస్తకంలా పేజీలుగా గీసేవాళ్ళు దీనికి చెప్పే జవాబు సూటిగా ఉంటుంది: స్క్రోల్, అంటే వేలితో కిందికి జరుపుకుంటూ చదివే పొడవాటి పద్ధతి, మానెయ్యండి. అమెరికా కామిక్ పుస్తకం సుమారు ఆరున్నర అంగుళాల వెడల్పు, పది అంగుళాల పైచిలుకు ఎత్తు. అందులో అడ్డంగా ఒక పొడవాటి ప్యానెల్ (బొమ్మ గడి), కింద మూడు చిన్నవి వేస్తే విశాలతా తెలుస్తుంది, వేగమూ తెలుస్తుంది. పేజీ తిప్పగానే కనబడేలా దెయ్యాన్ని దాచవచ్చు. రేపు పుస్తకం వేయడానికి మళ్ళీ కత్తిరించుకోనక్కర్లేదు. 'హై మూన్' వచ్చిన జూడా సైటులో తెర కంప్యూటర్ మానిటర్‌లా అడ్డంగా ఉండేది, వెస్టర్న్‌కు అది అచ్చొచ్చింది. ఈ వాదనకు ఉన్న ఒకే లోపం, ఆ పేజీని ఫోన్‌లో చదవాలంటే వేళ్ళతో పెద్దది చేసుకుంటూ తిరగాలి.

స్క్రోల్ పక్షం వాదన 2000లోనే అమెరికా కామిక్స్ రచయిత స్కాట్ మెక్‌క్లౌడ్ చెప్పిన 'అనంత కాన్వాస్' ఆలోచనతో మొదలవుతుంది: తెర కాగితం కాదు, కిటికీ. ఆ కిటికీ వెనక బొమ్మ ఎంత పొడుగైనా ఉండొచ్చు. దీన్ని వ్యాపారంగా నిలబెట్టింది కొరియా పోర్టళ్ళు, 2003, 2004 నుంచి. స్క్రోల్‌లో రెండు ప్యానెళ్ళ మధ్య ఖాళీ, అంటే గట్టర్, కాలాన్ని కొలుస్తుంది. 200 పిక్సెళ్ళ ఖాళీ ఒక గుటక, 1,500 పిక్సెళ్ళ నల్లటి ఖాళీ ఒక రాత్రి. పాఠకుడి వేలే ఆ కాలాన్ని నడుపుతుంది. వేలు ఆపితే దెయ్యమూ ఆగుతుంది, ఆపకపోతే తనే దాని దగ్గరికి వెళ్తున్నాడు.

మన గని కథ ఈ చోటే కలిసొస్తుంది. పడమటి ప్రాంతంలో నిలువుగా ఉండేవి ఏమిటి? గని, బావి, ఉరికంబం, సమాధి గొయ్యి, నీళ్ళ ట్యాంకు. గమనిస్తే దెయ్యాలుండే చోట్లన్నీ ఇవే. మైదానం మనిషిది, లోతు దెయ్యానిది. గని బోనులో మనుషులు దిగే దృశ్యాన్ని 800 వెడల్పుతో ఆరేడు వేల పిక్సెళ్ళ పొడవున ఒకే బొమ్మగా గీయవచ్చు. పైన పగటి వెలుగు, తర్వాత లాంతరు పసుపు, తర్వాత నలుపు. సైటుకు ఎక్కించేటప్పుడు 1,280 పిక్సెళ్ళ ముక్కలుగా కోస్తారు, చదివేవాడికి అతుకు కనబడదు. గీయడానికి కూడా ఇది చవక, సగం చీకటే కదా.

మరి వీధిలో ద్వంద్వయుద్ధం? దాన్ని పక్కనుంచి గీస్తే 340 పిక్సెళ్ళ చిక్కు. కోణం మార్చి, ఎత్తయిన మేడ మీదనుంచి వీధి పొడవునా చూసినట్టు గీస్తే వీధి నిలువుగా నిలబడుతుంది. పైన ఒకడు. మధ్యలో దుమ్ము, దాక్కున్న కుక్క, మూసుకుంటున్న తలుపులు. నాలుగు తెరల కింద రెండోవాడు. వాళ్ళిద్దరి మధ్య దూరాన్ని పాఠకుడు వేలితో నడిచి వస్తాడు. సినిమా ముప్ఫై కట్‌లతో చేసే పని ఇక్కడ ఒక పొడవాటి బొమ్మ చేస్తుంది. అలాగని ప్రతి ఎపిసోడ్‌లో చేస్తే విసుగొస్తుంది. దిగంతం కావాల్సినప్పుడు ఆకాశాన్ని అరువు తెచ్చుకోవచ్చు: కింద సన్నటి నేల, పైన రెండు తెరల ఆకాశం. విశాలత పక్కకు కాకుండా పైకి వస్తుంది.

నాకు తోచినంతలో కథలో సగానికి పైగా నేల కింద జరిగితే స్క్రోల్, సగానికి పైగా గుర్రం మీద జరిగితే పేజీ. రెండూ సమానమైతే రచయిత తన కథను ఇంకా పూర్తిగా తేల్చుకోలేదని అనుమానించాలి.

గుర్రాలు, గంటలు

గుర్రం గీయడం కష్టం. పరుగెత్తే గుర్రం మరీ కష్టం. పందొమ్మిదో శతాబ్దపు చిత్రకారులు కూడా ముందు కాళ్ళు ముందుకు, వెనక కాళ్ళు వెనక్కి చాచి గాల్లో తేలుతున్నట్టు వేసేవారు. 1878లో కాలిఫోర్నియాలో, రైలు కంపెనీ ధనవంతుడు లీలండ్ స్టాన్‌ఫర్డ్ డబ్బుతో, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి తీసిన ఫొటోల్లో తేలింది వేరు. నాలుగు కాళ్ళూ నేల విడిచే క్షణంలో అవి పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. వెస్టర్న్ గీసేవాడికి కావాల్సిన ఆ ఆధారం వెస్టర్న్ కాలంలోనే, పడమటి నేల మీదే పుట్టింది.

కష్టాన్ని గంటల్లోకి మార్చి చూద్దాం. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలు. ఉద్యోగం చేసుకుంటూ వారానికి 12 గంటలు బొమ్మలకు ఇచ్చే మనిషి అనుకోండి. ఒక పేజీకి పెన్సిలు, ఇంకు, రంగు, అక్షరాలు కలిపి 10 గంటలు. వారానికి ఒక పేజీ వేస్తే మిగులు 0.2 పేజీ. జ్వరమో ఇంట్లో పెళ్ళో వచ్చి నాలుగు వారాలు పోతే కావాల్సిన నిల్వ నాలుగు పేజీలు, అది కూడబెట్టడానికి 20 వారాలు. స్క్రోల్ ఎపిసోడ్ 30 ప్యానెళ్ళు, ప్యానెల్‌కు గంట చొప్పున వేసుకుంటే ఒక్క ఎపిసోడ్‌కు రెండున్నర వారాలు. వారం వారం ఇవ్వడం ఈ మనిషికి లెక్క ప్రకారమే కుదరదు.

ఒక అధ్యాయం మొత్తం పూర్తయ్యాకే మొదలుపెట్టమని కొందరంటారు. చదివేవాళ్ళే లేకుండా ఏడాదిపాటు గీస్తే ఉత్సాహం చచ్చిపోతుంది, ముందు వేసెయ్యి అని ఇంకొందరు. నియమం మీద నడిచే కథకు మొదటి మాటే క్షేమం. అయిదో ఎపిసోడ్‌లో నియమం తప్పని తేలితే మొదటి ఎపిసోడ్ దిద్దుకునే వీలుంటుంది.

బెలూన్‌లో తెలుగు

తెలుగులో వేయదలిస్తే ఇంకో లెక్క ఉంది. ఇంగ్లిష్ కామిక్స్‌లో ఎక్కువగా పెద్దక్షరాలే, వరసలు దగ్గరదగ్గరగా పడతాయి. మన లిపిలో గుడులు, కొమ్ములు పైనా పక్కనా, వత్తులు కిందా వస్తాయి. వరసల మధ్య ఎడం పెంచకపోతే పై వరస వత్తు కింది వరస గుడిలో ఇరుక్కుంటుంది. కాబట్టి పాత్రల మాటలు పెట్టే బెలూన్ ఎత్తు పెరుగుతుంది, బొమ్మకు చోటు తగ్గుతుంది. స్క్రోల్‌లో ఎత్తు కావాల్సినంత ఉంటుంది కనుక ఈ విషయంలో తెలుగుకు పేజీ కంటే స్క్రోలే నయం. రామభద్ర, మల్లన్న, మండలి, ధూర్జటి లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లున్నాయి. ఫొటోషాప్‌లో అక్షరాలు విడిపోయి కనబడితే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల ఎంపిక పెట్టి చూడాలి.

సంభాషణ సంగతి అంతకంటే రుచికరమైనది. నెవాడా షెరీఫ్ గని కూలీని 'నువ్వు' అంటాడా, 'మీరు' అంటాడా? ఇంగ్లిష్‌లో ఈ ప్రశ్నే లేదు. తెలుగులో తప్పించుకోలేం. ఇద్దరు శత్రువులు మర్యాదగా 'మీరు' అంటూ వచ్చి, తుపాకి తీసే ముందు ఒకడు 'నువ్వు'లోకి దిగితే ఆ మాటే మొదటి తూటా. సీమ యాసో తెలంగాణ యాసో పెడితే కథ మన దగ్గరికొస్తుందని కొందరంటారు. ఆ యాస వినగానే పాఠకుడికి కర్నూలో కరీంనగరో కళ్ళముందుకొచ్చి నెవాడా మాయమవుతుందని కొందరు. కార్న్‌వాల్‌వాడు, మెక్సికోవాడు, చైనావాడు ఒకే గదిలో ఉన్న కథలో అందరికీ ఒకే పత్రికాభాష పెట్టడం మాత్రం ఎవరికీ నచ్చదు.

ఎక్కడ పెట్టాలి, ఎంత పెద్దగా గీయాలి

పెద్ద యాప్‌లో పెడితే జనం ఉంటారు, నియమాలు వాళ్ళవి. రక్తం, ఉరి, పిల్లల చావు లాంటివి ఎంతవరకు చూపించవచ్చో ప్రతి సైటుకూ తనదైన గీత ఉంటుంది. ఈ రకం కథ ఆ గీత పక్కనే నడుస్తుంది కనుక ముందే చదువుకోవాలి. సొంత సైటులో పెడితే పూర్తి స్వేచ్ఛ ఉంటుంది, పాఠకులను ఒక్కొక్కరిగా వెతుక్కోవాలి. గంటల లెక్క చూసి ఏఐతో గుర్రాలు వేయించుకుందామనుకునేవాళ్ళు ఒక తీర్పు గమనించాలి. 2023 ఫిబ్రవరిలో అమెరికా కాపీరైట్ కార్యాలయం ఒక కామిక్ విషయంలో, రచయిత్రి రాసిన మాటలకూ అమరికకూ హక్కు ఇచ్చి, మిడ్‌జర్నీ అనే ఏఐ తయారుచేసిన బొమ్మలకు నిరాకరించింది. సాయం తీసుకుంటే తప్పేమిటనే వాదన, చిత్రకారుల పొట్ట కొట్టడమేననే వాదన రెండూ ఇంకా సాగుతూనే ఉన్నాయి.

యాప్ శాశ్వతం అనుకోవద్దు. డీసీ అండ ఉన్న జూడా కూడా మూడేళ్ళు తిరగకుండా 2010లో మూతపడింది. 'హై మూన్' అప్పటికే, 2009లోనే, పుస్తకంగా వచ్చింది. పుస్తకం అనగానే మళ్ళీ పిక్సెళ్ళే. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. 800 వెడల్పున గీసిన బొమ్మ కాగితం మీద 2.67 అంగుళాలకే అయిపోతుంది, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. ఆరున్నర అంగుళాల పేజీ నిండాలంటే దాదాపు 2,000 పిక్సెళ్ళ వెడల్పు అవసరం. అందుకే చాలామంది మూడింతల సైజులో, 2,400 వెడల్పున గీసి, లేయర్లతో అసలు ఫైలు తమ దగ్గరే దాచుకుని, యాప్‌కు కుదించిన కాపీ మాత్రమే పంపుతారు.